కత్తెరతో కోసిన నీడలు వద్దు: ఇంటి ఎలివేషన్ రెండర్‌కి వెలుతురు పెట్టడం

విజయనగరంలో ఇళ్లకి త్రీడీ ఎలివేషన్లు (కట్టబోయే ఇల్లు ముందునుంచి ఎలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మలు) చేసేవాళ్లకి వెలుతురు గురించి వచ్చే ఫిర్యాదులు రెండే రెండు. ఫోన్లో బొమ్మ చూసి మేస్త్రీ అంటాడు: "ఏటమ్మా, నీడలన్నీ కత్తెరతో కోసి అంటించినట్టున్నాయి!" ఇంటాయన అంటాడు: "పోర్టికో కింద అంత చీకటేటమ్మా, మా ఇంటికి ఆమాత్రం వెలుగు రాదా?" ఇద్దరూ నీడ గురించే మాట్లాడుతున్నారు గానీ, చెప్పేది ఒకటి కాదు. మేస్త్రీ చూసింది నీడ అంచుని. ఇంటాయన చూసింది నీడ లోపలి చీకటిని.

అంచు ఎంత మెత్తగా ఉండాలో తేల్చేది దీపం సైజు. లోపల ఎంత చీకటి ఉండాలో తేల్చేవి మిగతావన్నీ: ఆకాశం, నేల, ఎదురింటి గోడ. కొత్తగా చేసేవాళ్లు ఈ రెండిటినీ కలిపేస్తారు. చీకటి తగ్గాలని సన్ లైట్ స్ట్రెంగ్త్ పెంచుతారు, ఎండ తగిలిన గోడ తెల్లగా మాడిపోతుంది, పోర్టికో కింద మాత్రం ఏమంత తేడా రాదు. అంచు మెత్తబడాలని ఇంకో సన్ లైట్ తెచ్చి పెడతారు, ఒక్క స్తంభానికి రెండు నీడలొస్తాయి. కాబట్టి రెండిటినీ విడివిడిగా సరిచేసుకోవాలి. నేను వాడేది బ్లెండర్ 4.2 అనే త్రీడీ సాఫ్ట్‌వేర్, అందులో సైకిల్స్ రెండర్ (మోడల్‌ని బొమ్మగా మార్చే ఇంజిన్). మీరు వీ-రే, కరోనా ఏది వాడినా మీటల పేర్లు మారతాయేమో గానీ ఎండ ఎండే.

ముందు కొలతలు

ఆటోకాడ్ ప్లాన్ మీద గోడలు లేపినా, స్కెచప్ మోడల్ తెచ్చుకున్నా, మొదట సింహద్వారాన్ని ఎంచుకుని ఎన్ మీట నొక్కి డైమెన్షన్స్ చూడండి. తలుపు ఎత్తు 2.1 మీటర్ల దగ్గర, అంటే ఏడడుగులు ఉండాలి. 84 మీటర్లుందంటే అంగుళాలు మీటర్లైపోయాయి, 2,100 ఉందంటే మిల్లీమీటర్లు మీటర్లైపోయాయి. ఈ తప్పు ఎండ నీడల్లో కనబడదు, ఎందుకంటే సన్ లైట్‌ని డిగ్రీల్లో కొలుస్తారు, ఇల్లు ఎంత పెద్దదైనా దానికి ఒకటే లెక్క. ఏరియా లైటు (పలకలా వెడల్పున్న దీపం) దగ్గర బయటపడుతుంది. ఒక మీటరు లైటు రెండు కిలోమీటర్ల తలుపు ముందు చుక్క కింద లెక్క, దాని నీడ కూడా చుక్క దీపం నీడలాగే పదునుగా పడుతుంది. "ఏరియా లైటే పెట్టాను, నీడ మెత్తబడట్లేదు" అని నా దగ్గరికొచ్చే పిల్లల ఫైళ్లలో చాలావాటికి జబ్బు ఇదే. స్కేల్ సరిచేశాక కంట్రోల్ ఏ నొక్కి అప్లై చెయ్యడం మర్చిపోకండి.

గోడలకి మందం కూడా ఉండాలి. ఒట్టి ఫేస్‌తో నిలబెట్టిన గోడ, దాని మీద సరిగ్గా ఆనీ ఆనకుండా పెట్టిన శ్లాబు ఉంటే ఆ సందులోంచి వెలుగు గీత లోపలికి కారుతుంది. శ్లాబుని గోడలోకి ఒక అంగుళం దించేయండి, అయిపోతుంది.

నీడ అంచు

సూర్యుడు మనకి చుక్కలా కాదు, సుమారు 0.53 డిగ్రీల వెడల్పున్న బిళ్లలా కనిపిస్తాడు. నీడ అంచు దగ్గర నిలబడి చూస్తే ఆ బిళ్లలో కొంత భాగం మరుగై కొంత కనబడుతుంది. ఆ సగం సగం జాగానే మెత్తటి అంచు. దాని వెడల్పుకి తేలిక లెక్క ఒకటుంది: నీడ వేసే వస్తువుకీ, నీడ పడే చోటుకీ మధ్య ఎండ నడిచిన దూరాన్ని 108తో భాగించండి.

కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ ఉందనుకోండి. ఎండ 45 డిగ్రీల్లో పడితే దాని అంచు నుంచి గోడ దాకా 85 సెంటీమీటర్లు. అంటే మసక 8 మిల్లీమీటర్లే, దాదాపు పదునుగానే కనబడుతుంది. మూడు మీటర్ల ఎత్తులో ఉన్న బాల్కనీ పిట్టగోడ నీడ వాకిట్లో పడితే మసక 4 సెంటీమీటర్లు. పక్కనున్న కొబ్బరిచెట్టు మట్ట పన్నెండు మీటర్ల దూరం నుంచి నీడ వేస్తే మసక 11 సెంటీమీటర్లు. ఆకు ఈనెకి అటూ ఇటూ కలిపినా అంత వెడల్పుండదు, కాబట్టి ఏ ఆకు నీడకీ పూర్తి నలుపు రాదు, అన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. ఒకే ఎండ, ఒకే ఇల్లు, మూడు రకాల అంచులు. కంటికి నిజమనిపించేది ఈ తేడాయే. ఫొటోషాప్‌లో నీడలన్నిటికీ సమానంగా బ్లర్ కొట్టేవాళ్లు పోగొట్టుకునేది కూడా దీన్నే.

దీనికి మీరు చెయ్యాల్సింది చాలా తక్కువ. సన్ లైటుని ఎంచుకుని, పచ్చ బల్బు గుర్తున్న ట్యాబ్‌లో యాంగిల్ చూడండి. కొత్తగా పెట్టిన సన్ లైటుకి 0.526 అని ఉంటుంది. బయటినుంచి తెచ్చుకున్న ఫైళ్లలో ఒక్కోసారి సున్నా ఉంటుంది, కత్తెర నీడలకి కారణం అదే. 0.526 నిజానికి సరైన విలువే అయినా, నేను మామూలు ఎండకి 1 దాకా పెడతాను. ఫోన్ తెరమీద బొమ్మ చిన్నదైపోయి నీడ ఉన్నదానికన్నా పదునుగా కనబడుతుంది, ఆ కొద్దిపాటి పెంపు దాన్ని సరిచేస్తుంది. పల్చటి మబ్బు తెర ఉన్న పూట కావాలంటే 3 నుంచి 5. పది దాటిస్తే ఎండా కాదు ముసురూ కాదు, ఏ పూటో తెలీకుండా పోతుంది. ముసురే కావాలంటే సన్ లైటుని తీసేసి మబ్బు పట్టిన హెచ్‌డీఆర్ఐ (చుట్టూ ఉన్న ఆకాశాన్ని వెలుతురుతో సహా పట్టిన ఫొటో) ఒకటి పెట్టుకోండి. పాలీ హేవెన్ వెబ్‌సైటులో ఉచితంగా, హక్కుల గొడవ లేకుండా దొరుకుతాయి. యాంగిల్ పెంచితే వెలుగు మొత్తం మారదు, అంచు ఒక్కటే మారుతుంది, కాబట్టి భయపడకుండా తిప్పి చూసుకోవచ్చు.

ఇంకోటి. మామిడిచెట్టు కింద నేలమీద పడే గుండ్రటి వెలుగు మచ్చలు చూసే ఉంటారు. ఆకుల సందు మూడు మూలలున్నా, చీలికలా ఉన్నా మచ్చ మాత్రం గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. పాక్షిక గ్రహణం రోజున ఆ మచ్చలన్నీ నెలవంకలైపోతాయి. యాంగిల్ సున్నా కాకుండా ఉంటే సైకిల్స్ వీటిని తనంతట తనే వేస్తుంది. ఇంటి ముందు చెట్టు పెట్టి దాని నీడని గోడమీద కొద్దిగా పడనిచ్చారంటే, ఖరీదైన టెక్స్చర్లు నాలుగు కొన్నా రాని నిజం వస్తుంది. చెట్టు ఫ్రేములో కనబడక్కర్లేదు, కెమెరా వెనకున్నా చాలు.

ఇల్లు ఎటు ముఖం?

ఇది మన ఊళ్లలో తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న, కానీ రెండర్ చేసేవాళ్లలో సగంమంది అడగరు. ఎటు ముఖమైనా ముందునుంచి ఎండ కొట్టించేస్తారు. ఇంటాయనకి తన స్థలంలో ఎండ ఎప్పుడు ఎక్కడ పడుతుందో పుట్టినప్పట్నుంచీ తెలుసు. బొమ్మలో ఏదో తేడా ఉందని గ్రహిస్తాడు గానీ ఏమిటో చెప్పలేడు.

విజయనగరం సుమారు 18.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుంది. మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, ఆ ఉత్తరం కూడా మహా అయితే ఐదు డిగ్రీలు. మిగతా ఏడాదంతా మధ్యాహ్నం దక్షిణంగానే ఉంటాడు. డిసెంబరు 21 మధ్యాహ్నం ఎత్తు 48 డిగ్రీల చిల్లర. దీన్నిబట్టి ఉత్తరం ముఖం ఇంటికి ముందు గోడమీద మంచి ఎండ పడేది వేసవిలో పొద్దునా సాయంత్రమూ పక్కనుంచి మాత్రమే. అలాంటి ఇంటికి నేను జూన్ నెల పొద్దు ఏడున్నర పెడతాను. ఎండ ఈశాన్యం వైపునుంచి గోడని రాసుకుంటూ పోతుంది, సన్‌షేడ్లకీ గ్రూవ్‌లకీ పొడుగాటి నీడలొస్తాయి. లేదా ఎండే వద్దనుకుని, ముఖమంతా నీడలో ఉంచి, వెనక ఆకాశాన్ని వెలిగించి చేస్తాను. అది కూడా అందంగానే ఉంటుంది.

తూర్పు ముఖానికి మార్చి నెల ఉదయం 9 బాగుంటుంది. సూర్యుడు సుమారు 40 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఒక్క జాగ్రత్త: కెమెరా వీపుమీద సూర్యుడు ఉండకూడదు. అలా ఉంటే నీడలన్నీ వస్తువుల వెనక దాక్కుంటాయి, ఇల్లు అట్టముక్కలా కనబడుతుంది. కెమెరాని పక్కకి జరిపి, ఎండ పోయే దిక్కుకీ కెమెరా చూసే దిక్కుకీ మధ్య 40–50 డిగ్రీల తేడా ఉంచండి.

ఇవన్నీ చేత్తో తిప్పక్కర్లేదు. సన్ పొజిషన్ అనే యాడ్-ఆన్ ఉంది, 4.2 నుంచి ఎక్స్‌టెన్షన్ల కింద దిగుమతి చేసుకోవాలి. అక్షాంశం 18.1, రేఖాంశం 83.4, టైమ్ జోన్ 5.5, తేదీ, గంట ఇస్తే సన్ లైటుని అదే తిప్పి పెడుతుంది. సరిగ్గా పెట్టానా లేదా అని అనుమానమొస్తే శ్రీకాకుళం పక్కన అరసవల్లిని తలుచుకోండి. అక్కడ సూర్యనారాయణస్వామి పాదాల మీద కిరణాలు పడేది ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. మార్చి 10కీ అక్టోబరు 2కీ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకి దక్షిణంగా దాదాపు 4 డిగ్రీల్లోనే ఉంటాడు, కాబట్టి పొద్దు పొడిచే చోటూ దాదాపు ఒకటే. యాడ్-ఆన్‌లో ఆ రెండు తేదీలూ పొద్దున్నే ఒకే ఎత్తుకి తెచ్చి చూడండి, బాణం ఒకే దిక్కుకి తిరగాలి. తిరగలేదంటే తేదీనో గంటనో ఎక్కడో తప్పిచ్చారు.

నీడ లోపల

ఇప్పుడు ఇంటాయన ఫిర్యాదు. ఇక్కడ నా పద్ధతి తిరగేసి ఉంటుంది: ముందు సన్ లైటు ఆపేస్తాను. వరల్డ్‌లో (చుట్టూ ఆకాశం పెట్టుకునే చోట) స్కై టెక్స్చర్ పెట్టి, నిషిటా అనే ఆకాశం రకం ఎంచుకుని, సన్ డిస్క్ టిక్కు తీసేస్తాను. టిక్కు ఉంచేస్తే ఆకాశంలో ఒక సూర్యుడు, మనం పెట్టింది ఒక సూర్యుడు, నీడలు రెండేసి. ఎండున్న హెచ్‌డీఆర్ఐ మీద సన్ లైటు పెట్టినా ఇదే గొడవ. సన్ ఎలివేషన్‌ని మన సన్ లైటు ఎత్తుకి సరిపెట్టి, ఒక్క ఆకాశం వెలుగులోనే ఇల్లు మసగ్గా, కానీ పోర్టికో కింద తలుపు చెక్కడం కనబడేటంతగా వచ్చేదాకా వరల్డ్ స్ట్రెంగ్త్ సరిచేస్తాను. ఆ తర్వాతే సన్ లైటు వెలిగించి, తెల్ల గోడ మాడే ముందు దాకా పెంచుతాను. నీడలోపలి చీకటి మొదటి మెట్టులోనే తేలిపోయింది, ఇక ఎండ దాని జోలికి పెద్దగా పోదు. మంచి ఎండ పూట నేరుగా వచ్చే వెలుగు, ఆకాశం నుంచి వచ్చే వెలుగుకి ఐదారు రెట్లో ఇంకా ఎక్కువో ఉంటుంది. మీ రెండర్‌లో రెండు రెట్లే ఉంటే చప్పగా ఉంటుంది, ఇరవై రెట్లుంటే చంద్రమండలంలా ఉంటుంది.

ఆకాశం ఒక్కటే చాలదు. పోర్టికో శ్లాబు అడుగు భాగం ఆకాశాన్ని చూడదు, నేలని చూస్తుంది. అక్కడికొచ్చే వెలుగంతా నేలని తగిలి పైకి లేచిందే. మన జిల్లాలో ఖాళీ స్థలమంటే ఎక్కువగా ఎర్రమట్టి. ఎండ తగిలిన ఎర్రమట్టి శ్లాబు కిందికి వెచ్చటి రంగు పంపుతుంది. చాలా బొమ్మల్లో మోడల్ కింద నేల ఇంటి గోడల దాకే ఆగిపోతుంది, అందుకే అడుగుభాగాలు బొగ్గులా ఉంటాయి. నేలని ఇంటిచుట్టూ పదిహేను ఇరవై మీటర్లు పరిచి, మట్టి రంగో సిమెంటు రోడ్డు రంగో ఇవ్వండి. పచ్చగడ్డి మాత్రం చూసుకుని వాడండి. ముందంతా ముదురు పచ్చ పరిచేస్తే తెల్ల శ్లాబు అడుగున పాచి పట్టినట్టు పచ్చరంగు తేలుతుంది, దాన్ని మెటీరియల్ తప్పనుకుని గంటలు వెతికేవాళ్లున్నారు.

అలాగే ఎదురిల్లు. గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లో ఇంటికీ ఎదురింటికీ మధ్య పదిహేను అడుగులుంటే గొప్ప. అలాంటి చోట ఎదురింటి గోడ సగం ఆకాశాన్ని మింగేస్తుంది, ఎండ తగిలినపుడు తనే పెద్ద దీపమైపోతుంది. కెమెరా వెనక ఒక సాదా డబ్బా, రెండంతస్తుల ఎత్తు, లేత రంగు పెట్టండి. ఎవరికీ కనబడదు. ఫలితం మాత్రం నీడలో ఉన్న గోడలన్నిటి మీదా కనబడుతుంది.

తెల్లరంగు విషయంలో: బేస్ కలర్ 1 ఎప్పుడూ పెట్టకండి. కొత్తగా వేసిన తెల్ల రంగైనా పడ్డ వెలుగులో కొంత మింగుతుంది. 0.8 చాలు. 1 పెడితే వెలుగు ఎగిరెగిరి తగ్గకుండా పోయి, నీడ మూలలన్నీ పాలిపోతాయి. నల్ల గ్రానైటుకి కూడా సున్నా వద్దు, 0.03 దగ్గర ఉంచండి. లైట్ పాత్స్‌లో డిఫ్యూజ్ బౌన్సులు (వెలుగు గోడకీ నేలకీ తగిలి ఎన్నిసార్లు ఎగరాలో) మామూలుగా 4 ఉంటాయి, బయటి బొమ్మకి సరిపోతాయి. గది లోపలికైతే 8 చెయ్యండి.

కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫామ్ (వెలుగుని తెరమీది రంగులుగా మార్చే పద్ధతి) ఏజీఎక్స్ ఉండనివ్వండి. 4.0 నుంచి అదే ముందుగా ఉంటుంది. స్టాండర్డ్‌లో ఎండ పడ్డ గోడ త్వరగా మాడుతుంది, దాంతో ఎండ తగ్గిస్తారు, ఆ తగ్గింపుకి నీడలు చస్తాయి. అనుమానముంటే ఒకసారి ఫాల్స్ కలర్‌కి మార్చి చూడండి: నీలాలు చీకట్లు, ఎరుపూ తెలుపూ మితిమీరిన వెలుగులు.

గది లోపల, రాత్రి పూట

హాలు లోపలికి కిటికీ వెలుగు కావాలంటే కిటికీకి సరిపడా ఏరియా లైటు పెట్టి పోర్టల్ టిక్కు కొట్టండి. అది తనంతట వెలగదు, ఆకాశం వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుందో సైకిల్స్‌కి చెబుతుంది, అంతే. గింజలు గింజలుగా కనబడే నాయిస్ బాగా తగ్గుతుంది.

ట్యూబులైటు మీద ఒక్క నిమిషం ఆగుదాం. చాలామంది దాని బదులు పాయింట్ లైటు పెట్టేస్తారు. నాలుగడుగుల ట్యూబు అంటే 1.2 మీటర్ల పొడవు, సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పు. మీ ఇంట్లో ట్యూబు కింద ఒక పెన్సిలు పట్టుకుని బల్లమీద నీడ చూడండి. పెన్సిలు ట్యూబుకి సమాంతరంగా ఉంటే అంచులు పదునుగా గీసినట్టుంటాయి. అడ్డంగా తిప్పండి, నీడ దాదాపు కరిగిపోతుంది. దీపం ఒక దిక్కున పొడుగు, ఇంకో దిక్కున సన్నం కాబట్టి. ఏరియా లైటు షేప్‌ని రెక్టాంగిల్ చేసి 1.2, 0.03 ఇస్తే గుమ్మం కర్టెన్ రాడ్ నీడా, ఫ్యాన్ రెక్కల నీడా అచ్చం అలాగే వస్తాయి. ఇక్కడి వాట్లు ట్యూబు మీద రాసిన వాట్లు కావు, బయటికొచ్చే వెలుగు శక్తి. అంకెలు చూసి కంగారు పడకుండా కంటితో సరిచూసుకోండి.

రాత్రి ఎలివేషన్‌కి ఇప్పుడు అందరూ గీతలు గీతలుగా ప్రొఫైల్ లైట్లు అడుగుతున్నారు. నేను సగం తీయించేస్తాను. అన్నీ వెలిగితే నీడ మిగలదు, నీడ లేకపోతే గోడల ఎత్తుపల్లాలు తెలీవు. రంగుకి బ్లాక్‌బాడీ నోడ్‌లో వార్మ్ లైటుకి 2,700–3,000 కెల్విన్, తెల్ల ట్యూబుకి 6,500. గోడకి మరీ దగ్గరగా పెట్టిన లైటు ఆ చోటుని కాల్చేసి పక్కన చీకటి మిగులుస్తుంది, ఎందుకంటే దూరం రెట్టింపైతే చుక్క దీపం వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. కోవ్ (లైటు దాచే గూడు) లోపల గోడకి జానెడు ఎడంగా పెట్టండి.

నాయిస్, చివరి పనులు

మెత్తటి అంచుకి ఖర్చుంది. నాయిస్ సగం కావాలంటే శాంపిల్స్ (బొమ్మలో ఒక్కో చుక్కకి లెక్కించే కిరణాలు) నాలుగింతలు కావాలి. అందుకని ప్రతిసారీ మొత్తం రెండర్ చెయ్యకండి. కెమెరా వ్యూలో కంట్రోల్ బీ నొక్కి, ఒక్క నీడ అంచు చుట్టూ పెట్టె గీసి, అంతవరకే చూసుకోండి. మే నెల మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ఫ్యాను ఘోష విన్నవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

డీనాయిజ్‌కి (మిగిలిన గింజలు తుడవడానికి) ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్, పాసెస్ దగ్గర ఆల్బిడో అండ్ నార్మల్. శాంపిల్స్ మరీ తక్కువుంటే ఇది నీడ అంచుని మచ్చలు మచ్చలుగా పులిమేస్తుంది. అలాంటి బొమ్మ చూసి "కొత్త గోడకి అప్పుడే చెమ్మేటి?" అని అడిగినవాళ్లున్నారు. నాయిస్ థ్రెషోల్డ్ 0.01 ఉంచండి, తొందరుంటే 0.03 దాకా వెళ్లొచ్చు, అంతకన్నా వద్దు. వెలుగు చుక్కలు మెరుస్తుంటే క్లాంపింగ్‌లో ఇన్‌డైరెక్ట్ విలువని 10 నుంచి 5కి తగ్గించండి. డైరెక్ట్ సున్నా అలాగే ఉండాలి, దాన్ని కదిపితే ఎండ చస్తుంది.

ఈవీలో (బ్లెండర్‌లోనే ఉన్న వేగమైన రెండర్) చేసేవాళ్లకి: 4.2లో షాడోస్ కింద రేస్, స్టెప్స్ పెంచి, రే ట్రేసింగ్ టిక్కు కొడితే రోజువారీ పనికి బాగానే ఉంటుంది. పోర్టికో అడుగు వెలుగు మాత్రం సైకిల్స్‌కి సరితూగదు. వాక్‌త్రూ వీడియోకి ఈవీ, గోడకి తగిలించే బొమ్మకి సైకిల్స్ అని పెట్టుకున్నాను.

బొమ్మని 16 బిట్ల పీఎన్‌జీగా దాచుకోండి. పంపేటపుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా వెళ్తే అది నలిపేసి, మెత్తటి నీడ అంచుల్ని మెట్లు మెట్లుగా చేస్తుంది. ఫ్లెక్సీ వేయించేవాళ్లకైతే ఎక్స్‌పోజర్ 0.3 పెంచిన కాపీ వేరే ఇవ్వండి, ఆ గుడ్డమీద నీడలు తెరమీదకన్నా నల్లగా దిగుతాయి.